పల్లెకు పుస్తకమొచ్చిన దారి

"సార్, ఏం పుస్తకాలు చదవమంటారు?"

హాస్టలు పిల్లలు అడుగుతారు. డిగ్రీ చదివే కుర్రాళ్లు అడుగుతారు. ఏప్రిల్ 14న అంబేద్కర్ బొమ్మకు దండవేసి, మైకు విప్పేశాక, సభ వెనకాల నిలబడి కార్యకర్తలు అడుగుతారు. కొత్తగా ఏమొచ్చాయి, నవలలేంది, చరిత్రేంది, ఇప్పటి సంగతుల మీద ఏముంది అంటారు. పేర్లు చెప్పడం తేలిక. చీటీ మీద పది పేర్లు రాసిచ్చి పంపొచ్చు. కానీ ఒక పుస్తకం మన చేతిదాకా రావడానికి ఎన్ని తరాలు పట్టిందో తెలవకుండా చదివితే, అది కూడా పరీక్ష గైడు లాగే అయిపోతుంది. అందుకని పుస్తకాల పేర్లతోపాటు అవి మా పల్లెకొచ్చిన దారి కూడా చెప్తాను.

నేను ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లెలో పుట్టాను. గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ పట్టా తీసుకున్న మొదటి మనిషిని. మా నాయన పొగాకు బేరన్ల దగ్గర కూలికి పోయేవాడు. బేరన్ కాలే రాత్రుళ్లు మంట చూసుకుంటా అక్కడే పడుకునేవాడు. మాయమ్మ మిరపకాయ కోతలకు పోయేది. ఇద్దరికీ అక్షరం రాదు. అయినా మా ఇంట్లో ఒక పుస్తకం ఉండేది. బైబిలు. మా నాయనమ్మ దాన్ని పాతచీరె ముక్కలో చుట్టి గూట్లో పెట్టేది. ఆమెకూ చదవడం రాదు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన ఏడు నన్ను ముందర కూర్చోబెట్టుకుని చదివించింది. నేను తప్పు చదివితే ఆమె దిద్దేది. పాస్టరుగారి నోట విన్నదంతా ఆమెకు ముందే కంఠతా వచ్చు. పుస్తకం అంటే చదువుకున్నోళ్లది అనే మాట నాకు ఆ రోజు నుంచీ మింగుడు పడదు.

బళ్లో వేరే చరిత్ర చదివాను. ఇప్పుడు అదే చెప్తున్నాను. అద్దంకి మాకు దూరం కాదు. అక్కణ్ణించి ఏలిన ప్రోలయ వేమారెడ్డి, ఆయన కొలువులో ఎర్రన, ఆయనిచ్చిన అగ్రహారాలు, ఇవన్నీ మార్కుల కోసం బట్టీ పట్టాం. పొలాలకు నీళ్లెట్లా పారాయి? కపిలతో తోడారు. ఆ కపిలకు తోలుబాన కుట్టిందెవరు? ఎద్దు మెడకు పట్టీ, రైతు కాలికి చెప్పు, పెళ్లికీ చావుకీ డప్పు, ఇవన్నీ చేసి పెట్టిందెవరు? ఆ పాఠంలో ఆ మనుషులు లేరు. రాజు ఉన్నాడు, కవి ఉన్నాడు, దానం పుచ్చుకున్నోడు ఉన్నాడు. నీళ్లు తోడే బాన కుట్టినోడు లేడు.

మరి మావాళ్లు కాగితం మీదికి ఎప్పుడెక్కారు? మా ప్రాంతం వరకూ నేను వెతికినంతలో, పేర్లతో సహా మావాళ్లు కనపడింది మిషను రాతల్లో. జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆయన్ని వెతుక్కుంటా వచ్చిన మొదటివాళ్లలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉన్నాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడు, అంతకుముందే రాజయోగం సాధన చేసినవాడు. పదేళ్లకు ధాత కరువొచ్చింది. 1876 నుంచి 1878 దాకా దక్షిణదేశాన్ని తినేసిన కరువది. అప్పుడు బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమంది మాదిగలు పారా తట్టా పట్టి బతికారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

కరువులో గింజల కోసం మతం మారారని ఇప్పటికీ ఎకసెక్కాలాడే వాళ్లున్నారు. పిల్లలారా, ఈ మాటకు జవాబు పుస్తకంలోనే ఉంది. కరువు పని నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశామని, పని అయిపోయాకే ఇచ్చామని క్లౌ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ ఆత్మకథ ఆయన పోయాక 1914లో అచ్చయింది. పేరు 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'. దానికన్నా ముందు 1899లో ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకం రాసింది. చెప్పులు కుడుతూ కుడుతూ అని దాని అర్థం. మాతంగి కథ, అరుంధతి కథ, మాదిగ గురువుల సంగతులు, ఇవన్నీ మా పెద్దోళ్ల దగ్గర కూర్చుని విని రాసింది. నూటపాతికేళ్ల కిందటి మా ముసలోళ్ల మాట అందులో ఉంది.

చరిత్ర అరలో నేను మొదట పెట్టే పుస్తకం ఇదే. అయితే ఒక మాట చెప్పే ఇస్తాను. కలం పట్టింది దొరసాని. మేం చీకట్లో ఉన్నట్టూ, వాళ్లొచ్చి దీపం పెట్టినట్టూ ఆమె రాస్తుంది. ఆ దీపం సంగతి పక్కన పెట్టి, చెప్పినోళ్లు ఏం చెప్పారో చూడండి. ఒక్కో పేజీ దగ్గర ఆగి, ఈ మాట మాదిగ ముసలోడిదా, మిషనరీదా అని అడుగుతూ చదవండి. ఈ రెండు పాత పుస్తకాలకూ కాపీరైటు తీరిపోయింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫోన్లోకి దించుకోవచ్చు. ఇంగ్లీషు రాదని వెనక్కి తగ్గకండి. ఇద్దరు ముగ్గురు కలిసి, నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకు రెండు పేజీలు చదివినా చాలు.

మన గురించి వేరేవాళ్లు రాసింది అది. మనం రాసింది ఎప్పుడు మొదలైంది? 1917లో బెజవాడలో పంచమ మహాసభ పెట్టారు. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. పంచములం కాము, ఈ దేశపు ఆదివాసులం, ఆది ఆంధ్రులం అని ఆ సభలోనే పేరు మార్చుకున్నారు. ఎవరో పెట్టిన పేరును తీసి అవతల పారేసి, తమ పేరు తాము పెట్టుకోవడం నా లెక్కలో మన చరిత్ర రచనకు మొదటి వాక్యం. తర్వాత నాలుగేళ్లకు, 1921లో రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అచ్చేశాడు. అప్పుడు దేశమంతా గరిమెళ్ల సత్యనారాయణ పాట 'మాకొద్దీ తెల్లదొరతనము' పాడుతున్నది. తెల్లదొర పోతే సరే, మరి నల్లదొర సంగతేందని ధర్మన్న అడిగాడు. గరిమెళ్ల పాట పాఠ్యపుస్తకాల ద్వారా బళ్లో విన్నాను. ధర్మన్న పేరు డిగ్రీ అయిపోయాక ఒక సభలో విన్నాను. జాతీయోద్యమం పాఠం చెప్పేటప్పుడు నేను ఈ రెండు పేర్లూ బోర్డు మీద పక్కపక్కన రాస్తాను. దాదాపు ఒకే కాలంలో వచ్చిన రెండు పాటలు. రెంటికీ మధ్య ఊరికీ పల్లెకూ ఉన్నంత దూరం. ఆ దూరం అర్థమైతే పిల్లోడికి స్వాతంత్ర్యోద్యమం సగం అర్థమైనట్టే.

1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' వచ్చింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఉన్నవ బ్రాహ్మణుడు. అయినా రామదాసు కుటుంబాన్ని నవల నడిమధ్యన నిలబెట్టాడు. సంగదాసును చౌదరయ్య చంపే చోట ఇప్పటికీ పిల్లలు గమ్మునైపోతారు. తప్పకుండా చదవండి. చదివి, రామదాసు అంత వేదాంతం ఎందుకు మాట్లాడతాడో, అంత ఓర్పు ఎక్కణ్ణించి వచ్చిందో, అది మాలపల్లె ఓర్పా, రాసినాయన కోరుకున్న ఓర్పా అని వాదించుకోండి. మంచి మనసుతో రాసిన పుస్తకాన్ని కూడా ప్రశ్నించొచ్చు. ప్రశ్నిస్తే ఆ పుస్తకానికి వచ్చే నష్టమేమీ లేదు.

జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. బళ్లో మాకు జాషువా పద్యం చెప్పినప్పుడు అది శార్దూలమా, మత్తేభమా, గణవిభజన చెయ్యండి అన్నారు. గణాలు విడగొట్టాం. పద్యంలో మనిషి ఎందుకేడుస్తున్నాడో అడగలేదు, చెప్పలేదు. గుళ్లోకి పోనివ్వని అరుంధతీ సుతుడు తన గోడును శివుడికి చెప్పమని గబ్బిలాన్ని కాశీకి పంపుతాడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. కాళిదాసు మేఘాన్ని పంపాడు, పెళ్లాం మీద బెంగతో. జాషువా గబ్బిలాన్ని పంపాడు, ఆకలితో, అవమానంతో. ఈ కావ్యాన్ని చిన్నయ్య జంగం ఇంగ్లీషులోకి తెచ్చాడు, 2022లో వచ్చింది. అదే చిన్నయ్య జంగం 2017లో 'దళిత్స్ అండ్ ది మేకింగ్ ఆఫ్ మోడరన్ ఇండియా' అనే చరిత్ర పుస్తకం రాశాడు. ధర్మన్న, భాగ్యరెడ్డి వర్మ, జాషువా వీళ్లంతా ఆధునిక భారతదేశాన్ని తయారుచేసిన వాళ్లలో ఉన్నారని ఆధారాలతో నిలబెట్టాడు. ఎంఏ హిస్టరీ చదివే పిల్లలకు నేను మొదట చెప్పే పేరు ఇది.

అంబేద్కర్‌ని ఎక్కణ్ణించి మొదలుపెట్టాలని అడుగుతారు. 'కుల నిర్మూలన' నుంచి అని చాలామంది చెప్తారు. నిజమే, అది తప్పదు. 1936లో లాహోరు జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్లు ఆయన్ని అధ్యక్షోపన్యాసానికి పిలిచి, రాసింది చూసి భయపడి, సభనే ఎత్తేశారు. ఆయన తన డబ్బుతో 1,500 కాపీలు అచ్చేయించి జనంలో పెట్టాడు. చెప్పనివ్వని ఉపన్యాసం అట్లా పుస్తకమైంది. కానీ హైస్కూలు పిల్లలకు నేను మొదట ఇచ్చేది అంతకన్నా చిన్న పుస్తకం, 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. ఆయన స్వయంగా రాసుకున్న కొన్ని అనుభవాలు. 1901లో తొమ్మిది పదేళ్ల భీమ్, అన్నతో, మేనల్లుడితో కలిసి నాన్న దగ్గరికి రైల్లో పోతాడు. మసూరు స్టేషన్లో దిగుతారు. మహర్లమని చెప్పగానే స్టేషన్ మాస్టరు మొహం మారిపోతుంది. బండి కట్టేవాడు దొరకడు. చివరికి రెట్టింపు బాడుగకు ఒప్పుకున్న బండివాడు కూడా పిల్లలే బండి తోలాలని, తాను పక్కన నడుస్తానని అంటాడు. రాత్రంతా తాగడానికి నీళ్లు దొరకవు. ఏడో తరగతి పిల్లలకు ఇది చదివిస్తే ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. కొత్తబట్టలు వేసుకుని సంతోషంగా బయల్దేరిన పిల్లోడికి దాహమేసింది, నీళ్లివ్వలేదు. అంతే. మిగతాది వాళ్లే మాట్లాడతారు.

నీళ్ల మాటొచ్చింది కాబట్టి అప్పటి మా జిల్లా సంగతి చెప్పాలి. కారంచేడు. 1985 జూలై 16. మాదిగపల్లె వాళ్లు తాగే చెరువులో ఊరివాళ్లు గేదెల కుడితి పోసి మురికి చేస్తుంటే ఒక మాదిగ స్త్రీ అడ్డం చెప్పింది. మర్నాడు పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. మిగిలినోళ్లు చీరాల చేరారు. నేను అప్పటికి పుట్టలేదు. మా ఇళ్లల్లో ఆ పేరు గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మందిని చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేశారు. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి ఏళ్లు పోట్లాడారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఈ కేసులో బాధితుల పక్షాన నిలబడిన బొజ్జా తారకం 2016లో పోయాడు. ఆయన రాసిన 'పోలీసులు అరెస్టు చేస్తే' మన కార్యకర్తల సంచిలో ఉండాల్సిన పుస్తకం. మన హక్కేందో తెలుగులో మనకు అర్థమయ్యేటట్టు చెప్పింది. చట్టాలు మారాయి, సెక్షన్ల నంబర్లు మారాయి. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. కాబట్టి కొత్త చట్టం పక్కన పెట్టుకుని చదవండి. పోలీసు ముందర నిలబడే ధైర్యం మాత్రం ఆ పుస్తకంలో పాతబడలేదు.

ఈ రెండు ఊళ్ల నెత్తుటి తర్వాత తెలుగు కవిత్వం మునుపట్లా లేకుండా పోయింది. 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' సంకలనాలు వచ్చాయి. అంతకుముందే, 1994 జూలై 7న మా జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. అప్పటిదాకా తిట్టుగా విన్న కులం పేరును పేరు చివర కలుపుకుని పిలుచుకోవడం మొదలైంది అప్పుడే. 1917లో బెజవాడలో ఒక పేరు పారేశారు. 1994లో ఈదుముడిలో ఒక పేరు ఎత్తుకున్నారు. రెండూ ఒకే పని అని నేను పిల్లలకు చెప్తాను.

ఇక నవలలు. కల్పన కదా సార్, టైంపాసుకు చదవొచ్చు అంటారు. మనకు ఆ మాట చెల్లదు. శాసనాల్లో లేనివాళ్లం, కైఫీయతుల్లో కూలీ లెక్కగా తప్ప కనపడనివాళ్లం. మన చరిత్ర పాటలో, నాటకంలో, ముసలోళ్ల నోట్లో ఉండిపోయింది. దాన్ని మొత్తం ఒకచోట పోగేసింది జి. కల్యాణరావు 'అంటరాని వసంతం'. 2000లో పుస్తకమైంది. ఎన్నెలదిన్ని అనే ఊళ్లో మొదలై రూతమ్మ జ్ఞాపకంగా తరతరాల కథ నడుస్తుంది. ఉరుముల నాగన్న దగ్గర వీధినాటకం నేర్చుకున్న ఎల్లన్న, కరువు, బకింగ్‌హాం కాలవ తవ్వకం, మిషను, అన్నీ ఉన్నాయి. క్లౌ పుస్తకంలో కంట్రాక్టు లెక్కగా కనిపించే కాలవ ఈ నవల్లో ఆకలితో నడిచిపోతున్న మనుషులుగా కనిపిస్తుంది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి చదవండి. ఏది చరిత్ర, ఏది కల్పన అనే ప్రశ్న మీకే కొత్తగా పుడుతుంది. 2010లో ఇంగ్లీషులో కూడా వచ్చింది.

వేముల ఎల్లయ్య 'కక్క' కూడా 2000లోనే వచ్చింది. నల్గొండ మాదిగ పలుకుబడిలో మొత్తం నవల. మా కోస్తావాళ్లకు మొదటి ఇరవై పేజీలు కష్టం. పైకి చదువుకోండి, చెవికి పట్టుబడుతుంది. ఎండ్లూరి సుధాకర్ కథలు 'మల్లెమొగ్గల గొడుగు' పిల్లలక్కూడా ఇవ్వొచ్చు. ఆడవాళ్ల రాతలేవి అని మా బళ్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకసారి నన్ను నిలదీసింది. 'నల్లపొద్దు' ఇచ్చాను. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవి గోగు శ్యామల ఒకచోట చేర్చిన పుస్తకమది. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు, "ఇంతమంది ఉన్నారా సార్" అన్నది. ఆ పిల్లకు అంతకుముందు ఒక్క పేరు కూడా ఎవరూ చెప్పలేదు. జూపాక సుభద్ర రాతలూ గోగు శ్యామల కథలూ ఆ తర్వాత వెతుక్కుని చదువుకుంది.

బయటి దేశాల నుంచి ఒక్కటే చెప్పమంటే 'ఏడు తరాలు' చెప్తాను. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'ను సహవాసి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్టు వేసింది. ఆఫ్రికాలో ఎత్తుకొచ్చిన కుంటా కింటే నుంచి తన దాకా హేలీ కట్టిన వంశవృక్షాన్ని తర్వాత చరిత్రకారులు ప్రశ్నించారు. ఆ సంగతి చెప్పే ఇస్తాను. దాచడమెందుకు? బానిసల పేర్లు రాసిపెట్టిన రిజిస్టరు యజమాని దగ్గర ఉన్నప్పుడు, బానిస మనవడు దేన్ని పట్టుకుని వెనక్కి నడవాలి? ఈ ప్రశ్న మా పల్లెలో ప్రతి ఇంటికీ ఉంది. నాకు మా తాత పేరు దాకా తెలుసు. ఆయన తాత పేరు తెలవదు.

అందుకే కుటుంబాల చరిత్రలు నాకు చాలా ముఖ్యం. వై.బి. సత్యనారాయణ 2011లో ఇంగ్లీషులో రాసిన పుస్తకం తెలుగులో 'మా నాయన బాలయ్య'గా వచ్చింది. కరీంనగర్ జిల్లా మాదిగ కుటుంబం. ముత్తాత చెప్పులు కుట్టిస్తే నిజాం యాభై ఎకరాలిచ్చాడు. దొర రెండెకరాలు మిగిల్చి మిగతాది లాక్కున్నాడు. కొడుకులు, మనవలు రైల్వేలో చేరి, ఆ రైలు పట్టాలు పట్టుకుని చదువు దాకా పోయారు. ఉద్యోగమంటే మనకెందుకంత తపనో ఈ పుస్తకం చదివితే తెలుస్తుంది. 2017లో సుజాత గిడ్ల 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' వచ్చింది. రాసినామె న్యూయార్కు సబ్‌వేలో కండక్టరు. కథ ఆమె మేనమామ కె.జి. సత్యమూర్తిది, తల్లి మంజులది. శివసాగర్ పేరుతో పాటలు కట్టిన ఆ సత్యమూర్తి, పీపుల్స్‌వార్‌ని నిలబెట్టిన వాళ్లలో ఒకడు, పార్టీలోనే కులం గురించి అడిగి బయటికి రావాల్సి వచ్చింది. మామ కథ కోసం తెరిచిన చాలామంది తల్లి కథ దగ్గర ఆగిపోతారు. లెక్చరరు ఉద్యోగాల కోసం పిల్లల్నేసుకుని ఊళ్లు మారిన ఆ తల్లి కష్టం ఉద్యమ చరిత్రల్లో కనపడదు.

ఇప్పటి సంగతులు అడుగుతారు. 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. గుంటూరు పిల్లోడు. అతని చివరి ఉత్తరం లోకమంతా చదివింది. అతను బతికున్నప్పుడు ఫేస్‌బుక్‌లో రాసిన రాతల్ని అదే ఏడు 'క్యాస్ట్ ఈజ్ నాట్ ఎ రూమర్' పేరుతో పుస్తకంగా వేశారు. చావు ఒక్కటే గుర్తుపెట్టుకోకుండా అతని ఆలోచనను చదవండి. ఏం చదివాడు, ఎవరితో వాదించాడు, దేనికి నవ్వాడు, అది కూడా తెలియాలి. చట్టం చదివే పిల్లలకు మనోజ్ మిత్తా 2023లో రాసిన 'క్యాస్ట్ ప్రైడ్' చెప్తాను. సమానత్వం కోసం చట్టసభల్లోనూ కోర్టుల్లోనూ రెండువందల ఏళ్లుగా జరిగిన పోట్లాట అందులో ఉంది. చట్టం ఎట్లా పుడుతుందో, ఎవరు అడ్డం పడతారో పేర్లతో సహా తెలుస్తుంది.

ఇక వర్గీకరణ. ఈ మాట ఎత్తితే మా హాస్టళ్లలో ఇప్పటికీ రెండు గదులు రెండు వైపులకు తిరుగుతాయి. 2000లో చేసిన వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం, ఆరుగురు అవునని, ఒకరు కాదని, రాష్ట్రాలు వర్గీకరణ చేసుకోవచ్చని తీర్పిచ్చింది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లోకొచ్చింది. ఈదుముడిలో మొదలైన మాట ముప్పై ఏళ్లకు గెలిచింది. మాదిగోడిగా నాకు సంతోషమే, దాచుకోను. అయితే నా క్లాసులో మాదిగ పిల్లలున్నారు, మాల పిల్లలున్నారు. నా సంతోషం వాళ్లలో ఒక పిల్లోడికి భయం. అందుకని వాట్సాప్‌లో తిరిగే ముక్కలొద్దు, తీర్పే చదవండి అంటాను. ఒప్పుకున్న ఆరుగురి మాటా చదవాలి, ఒప్పుకోని ఆ ఒక్క జడ్జి మాటా చదవాలి. మాల పిల్లోడు మెజారిటీ తీర్పును, మాదిగ పిల్లోడు అసమ్మతి తీర్పును చదివి తరగతికి చెప్పమంటాను. పేచీ తీరదు. గొంతులు మాత్రం తగ్గుతాయి, మాటలు పెరుగుతాయి. ఇద్దరూ ఒకే కాగితం మీద వంగి వాదించుకుంటుంటే నాకు కడుపు నిండుతుంది.

ఈ పుస్తకాలన్నీ బడి బీరువాలో పెట్టడానికి అంత తేలిగ్గా ఒప్పుకోరు. నేను పనిచేసిన ఒక బళ్లో సీనియరు మాస్టారొకాయన, "పసిపిల్లలకు కులం ఎందుకయ్యా నేర్పుతావు?" అన్నాడు. "మధ్యాన్నం భోజనం దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో చూడండి మాస్టారూ, నేను నేర్పక ముందే వచ్చు" అన్నాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు, పుస్తకాలు పెట్టమనీ అనలేదు. ఆ ఏడు నా సైకిలు మోటారు డిక్కీనే మా లైబ్రరీ. కొన్ని బళ్లల్లో బీరువా తాళం ఇస్తారు, కొన్ని బళ్లల్లో ఇవ్వరు. తాళం కోసం ఎదురుచూస్తే పిల్లలు పదో తరగతి దాటిపోతారు.

కార్యకర్తలకు, విద్యార్థులకు చివరిగా కొన్ని మాటలు. చీటీ మీద నవల, చరిత్ర, వర్తమానం అని మూడు వరసలు గీసుకోకండి. ప్రతి వరస నుంచి ఒకటి తీసి మూడూ కలిపి చదవండి. కాలవ గురించి క్లౌ, కల్యాణరావు. నల్లదొర గురించి ధర్మన్న, మనోజ్ మిత్తా. నీళ్ల గురించి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా', దాని పక్కన కారంచేడు. ఏ పుస్తకం తెరిచినా కలం ఎవరి చేతిలో ఉందో, మాట ఎవరి నోటిదో మొదట అడగండి. పుస్తకం కొని దాచుకోకండి. కొత్త పుస్తకాలు మూడు వందలు, అయిదు వందలు ఉంటున్నాయి, ఒక్కడు కొనలేడు. నలుగురు కలిసి కొనండి, పది మందికి తిప్పండి. చదవడం రానోళ్ల ముందర పైకి చదవండి, వాళ్లు దిద్దితే దిద్దించుకోండి.

ఇంకో పని కూడా ఉంది. మీ పల్లెలో డెబ్భై, ఎనభై ఏళ్ల వాళ్లుంటారు. కపిలకు బాన కుట్టడం చూసినోళ్లు, డప్పుకు తోలు బిగించినోళ్లు, కారంచేడు నుంచి చీరాల నడిచినోళ్లు. వాళ్ల ఎదురుగా ఫోను పెట్టి మాట్లాడించండి. ఊరి పేరు, తేదీ, చెప్పిన మనిషి పేరు రాసుకోండి, వాళ్లు సరేనంటేనే. ఎమ్మా క్లౌ 1899లో చేసిన పని ఇప్పుడు మనం చెయ్యొచ్చు, మన భాషలో, మన కలంతో. వచ్చే ఏడు మళ్లీ ఏం పుస్తకాలు చదవాలని అడగడానికి వస్తే, మీరు రాసిన నోటుబుక్కు కూడా ఒకటి పట్టుకుని రండి.